ఎత్తమన్న గొంతు, ఆపమన్న చెయ్యి

మా అన్న చనిపోయిన రాళ్ల ఫ్యాక్టరీలోనే నేను క్రేన్ నడపడానికి చేరాను. కడప బయట, లారీల్లో వచ్చే పెద్ద బండలను కోసి పాలిష్ పట్టే చోటు అది. ఇనుప తాడు తెగి, పైకి లేచిన బండ అన్న మీద పడింది. కింద నిలబడి క్రేన్‌కు సైగలు చేసే ముసలాయన, అందరం మామా అని పిలిచే మనిషి, తాడు చూసుకోకుండా ఎత్తమని చెయ్యి ఊపాడని సూపర్‌వైజరు చెప్పాడు. అప్పటి క్రేన్ ఆపరేటరు భయపడి ఊరే విడిచి పోయాడు. సూపర్‌వైజరు మాత్రం దినాలకు వచ్చి మా అమ్మ పక్కన కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. ఐటీఐ చదివిన నాకు ఆ పని ఇప్పించిందీ ఆయనే.

నిజం చెప్పాలంటే, అంత దుఃఖంలోనూ ఆ పని నాకు పిచ్చిగా నచ్చింది. ఏనుగంత బండ నా వేళ్ల కింద గాల్లోకి లేస్తుంటే గుండె ఎగిరెగిరి పడేది. మామతో మాత్రం ఒక్క మాట మాట్లాడేదాన్ని కాదు. ఆయన చేతి సైగ చూసి పని చేసుకుపోయేదాన్ని, అంతే.

ఒక మధ్యాహ్నం లారీ మీది బండను ఎత్తుతున్నాను. జానెడు లేచిందో లేదో, మామ పిడికిలి బిగించి పైకెత్తాడు. ఆపమని. ఆపేశాను.

సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. "ఏంటికి ఆపినావు? ఎత్తు! లారీ పోవల్ల."

"తాడు పోగులు లేస్తాండాయి సార్," అన్నాడు మామ.

"ఆయప్పకు కండ్లు కనపడవు. ఆయప్పను నమ్మితే మీ అన్నకేమైందో తెల్దా? ఎత్తమ్మా!"

నా చెయ్యి లివర్ మీదే ఉంది. మామ పిడికిలి దించలేదు. నా వైపు చూసి గట్టిగా అరిచాడు.

"పాపా, ఆ పొద్దు గూడా నేను ఇట్లే ఆపమన్న్యా! ఎత్తమనింది ఈ సూపర్‌వైజరు సారే!"

లారీ పక్కనున్న ఇద్దరు కూలీలు తలలు దించుకున్నారు. సూపర్‌వైజరు ఆ మాట దాటేసి నా వైపు తిరిగాడు. "ఎత్తుతావా, దిగి ఇంటికి పోతావా?" అన్నాడు.

నాకు ఒళ్లంతా నిప్పు రాజుకున్నట్టయింది. హారన్ కొట్టాను. "అందరూ ఎడంగా పోండి!" అని అరిచి, ఊపిరి బిగపట్టి బండను మెల్లగా కిందికి వదిలాను. ఇంకో వేలెడు దిగితే లారీ మీద ఆనుతుందనగా, టప్పుమని తాడు తెగి కొరడాలా గాలిని కోసింది, బండ దబ్బుమని లారీ మీదే కూలబడింది. ఎవరికీ గీత కూడా పడలేదు. కేబిన్‌లో నేను ఏడుస్తూనే గట్టిగా నవ్వేశాను.

గబగబా దిగొచ్చి ఆ కూలీలను నిలదీశాను. "ఆ పొద్దు సారే ఎత్తమన్న్యాడమ్మా. పని పోతాదని నోరు మూసుకున్యాం," అన్నాడొకడు.

"నాకు ముందే ఎందుకు చెప్పలేదు మామా?"

"అందరికీ చెప్పినా. యెవురూ నమ్మల్యా. నీతో చెప్దామంటే నువ్వు నిలబడితే గదమ్మా."

ఆ సాయంత్రమే అమ్మను వెంటబెట్టుకుని మామ, ఆ కూలీలు, నేను ఒకే ఆటోలో ఇరుక్కుని పోలీస్ స్టేషన్‌కు పోయాం. తర్వాత కేసు మళ్లీ తెరిచారు, ఇప్పుడు సూపర్‌వైజరు కోర్టు చుట్టూ తిరుగుతున్నాడు. ఆ రోజు మాత్రం అందరం ఒకేసారి మాట్లాడుతుంటే, రాసుకునే కానిస్టేబుల్ పెన్ను పక్కన పెట్టేశాడు.

"ఒగరొగరే చెప్పండప్పా!"

అమ్మ మామను ముందుకు తోసింది. "నువ్వు చెప్పన్నా," అంది.