విత్తనం కంప్యూటర్

మా బలసముద్రం చుట్టూ పొలాలు వేరుశనగ మానేసి ఎండను పండించడం మొదలుపెట్టిన కొత్తల్లో, నాకు లోకంలోని మనుషులంతా రెండే రకాలుగా కనిపించేవాళ్లు: నీలం కంపెనీ ప్రాసెసర్ వాళ్లు, ఎర్ర కంపెనీ ప్రాసెసర్ వాళ్లు. అప్పటికి నా దగ్గర కంప్యూటరే లేదన్నది వేరే సంగతి. (లేనివాళ్లకే అభిప్రాయాలు ఎక్కువ. పెళ్లిచూపుల్లో వంకలు పెట్టేది పక్కింటివాళ్లే కదా.) డిప్లొమా ముగించి ఇంట్లో కూర్చున్నాను. సోలార్ ప్లాంటులో ఒక ఇంజనీరు ఉండేవారు. అన్నం తినేటప్పుడు కూడా హెల్మెట్ తీయరని మేం ఆయనకు టోపీ సారు అని పేరు పెట్టుకున్నాం. సొంత కంప్యూటర్ మీద కేబుల్ దారుల పటాలు గీసిస్తే, మొదటి పటం బాగా వస్తే, ఆ పని ఇంటి దగ్గరే ఉండి చేసుకోవచ్చని ఆయన నాతో అన్నారు. లేదంటే బెంగళూరు గార్మెంట్స్ ఫ్యాక్టరీకి పోవాలి. మా పక్క ఆడపిల్లలు చాలామంది ఎక్కిన బస్సు అదే. నాకు ఆ బస్సు ఎక్కాలని ఏ కోశానా లేదు.

కంప్యూటర్ కొనడానికి నాయన, నేను, మా పెదనాయన కొడుకు కలిసి తుమకూరు పోయాం. ఆ అన్నను ఊళ్లో అందరూ 'షోరూమ్' అనేవాళ్లు. ఏ వస్తువు కొన్నా దానిమీది ప్లాస్టిక్ కాగితం ఊడకముందే అమ్మేసి ఇంకోటి తెచ్చేవాడు. మా నాయన ఇందుకు పూర్తిగా ఎదురు. మా బోరు మోటారుకు ఎన్నిసార్లు రీవైండింగ్ చేయించాడో ఆయనకే గుర్తులేదు. అంగడాయన మమ్మల్ని కూర్చోబెట్టి ముందు ఒకటే అడిగాడు: "మీరు మాటిమాటికీ మార్చేవాళ్లా, ఒకసారి కొని పెట్టుకునేవాళ్లా?"

షోరూమ్ అందుకున్నాడు. "నీలంది తీసుకో చిన్నాయనా. ఈ పొద్దుకు జోరుగా ఉండాది. రెండేండ్లకు మొత్తం అమ్మేసి ఇంకోటి తెచ్చుకుందురు." నేను ఊరుకుంటానా. ఎర్ర కంపెనీ వాళ్లు బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గుంతను ఏళ్ల తరబడి మార్చరని, ఇప్పుడు మంచి బోర్డు, చిన్న ప్రాసెసర్ కొంటే రేపు సంపాదించుకుని ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చని, నీలందైతే రేపు బోర్డు కూడా పారేయాల్సి వస్తుందని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. (అంతా ఎక్కడో చదివిందే. ప్రాసెసర్‌ను కళ్లతో చూసింది ఆ రోజే.) నాయన చివరిదాకా విన్నాడు.

"అంటే పాపా, ఇది ఇప్పుడు తినేది కాదు, విత్తుకునేది అంటావు."

"అంతే నాయనా."

"అట్లయితే అదే ఇయ్యప్పా" అని అంగడాయనతో చెప్పేశాడు.

మా ఇళ్లల్లో విత్తనం కాయల మూటకు ఉన్న మర్యాద ఇంటి అల్లుడికి కూడా ఉండదు. కరువొచ్చి కడుపు మాడినా దాని మూతి విప్పరు. ఎండు వేపాకు కలిపి, పురుగు పట్టకుండా, పిల్లల చేయి తగలకుండా దాస్తారు. నాయన రేపటి కోసం దాచింది ఎప్పుడైనా ఉందంటే ఆ మూటే. నన్ను తెచ్చి దాని పక్కన పెట్టాడని నాకు ఆ రోజు తట్టలేదు. వాదనలో గెలిచానని మాత్రం దారి పొడుగునా మురిసిపోయాను.

ఇక ఆ చిన్న ప్రాసెసర్ సంగతి చెప్పాలి. పెద్ద బండికి పాలు మరవని దూడను కట్టినట్టుండేది. పటం తెరవమని నొక్కి, బర్రె పాలు పిండుకొస్తే సగం కనిపించేది. షోరూమ్ రోజూ తొంగిచూసి, "మొలకెత్తిందా మీ విత్తనం?" అని పలకరించి పోయేవాడు. నేను పళ్లు కొరుక్కుని గీస్తూ పోయాను.

పటం ఇవ్వాల్సిన రోజు రానే వచ్చింది. పది గంటలకు టోపీ సారు ముందు ఉండాలి. ఎనిమిదికి కంప్యూటర్ ఠక్కున ఆగిపోయింది. మళ్లీ వేస్తే మళ్లీ ఆగింది. చేయి పెడితే పెనంలా కాలింది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. బెంగళూరు బస్సు మా గుమ్మం ముందే నిలబడి ఉన్నట్టు అనిపించింది. షోరూమ్ పరుగున వచ్చి మూత విప్పి, లోపల చేయి పెట్టి, నా ముందు గుప్పిట తెరిచాడు. ఎండు వేపాకు. ఫ్యాన్ రెక్కల నిండా అదే ఇరుక్కుని ఉంది.

"నేనే వేసినా. విత్తనానికి పురుగు పడతాదని. ఎనకాల సందు ఉండాది కదా, ఆడనుంచి" అన్నాడు నాయన గుమ్మంలో నిలబడి. ఆ గొంతు విన్నాక నా కోపం ఎటు పోయిందో తెలీదు.

ఆయనే పోయి సైకిల్ పంపు తెచ్చాడు. ఆయన కొడుతుంటే షోరూమ్ గొట్టం పట్టుకున్నాడు, నేను నా బడి రోజుల కుంచెతో రెక్కలు తుడిచాను. ముగ్గురం తుమ్ములే తుమ్ములు. తొమ్మిదిన్నరకు కంప్యూటర్ లేచింది, పటం కూడా భద్రంగా ఉంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని నాయన మోపెడ్ వెనక కూర్చున్నాను. టోపీ సారు పెన్‌డ్రైవ్ మూత తీస్తే బల్ల మీద వేపాకు పొడి రాలింది. ఆయన దాన్ని ఊదేసి, పటం అంతా చూసి, ఒక్క తప్పూ లేదే అని ఆశ్చర్యపోయారు. (ఒక గీత గీసి అది కనిపించేలోపు పదిసార్లు ఆలోచించుకునే తీరిక ఉండేది మరి.) ఆ పని నాకే ఇచ్చారు. బయట మోపెడ్ దగ్గర నాయనకు చెబితే, తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు.

ప్రాసెసర్‌ను రేపు మారుస్తా, వచ్చే ఏడు మారుస్తా అంటూ ఏళ్లు గడిపాను. ఆలోగా షోరూమ్ ఎన్ని కంప్యూటర్లు మార్చాడో, అన్నీ బాగానే పనిచేశాయి. అంగట్లో అంత వాదించిన ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. మొన్నామధ్య ఎట్టకేలకు ఆ గుంతలోకే పట్టే పెద్ద ప్రాసెసర్ తెచ్చి బిగించాను. నొక్కగానే పటం తెరుచుకుంది.

"ఇంక పాలు యెప్పుడు పిండుతావు?" అన్నాడు పక్కనే కూర్చున్న నాయన. తర్వాత పాత ప్రాసెసర్‌ను అరచేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, తెల్లగుడ్డలో జాగ్రత్తగా మూటకట్టాడు.

"దీనికింక ఫ్యాను లేదు కదా పాపా?"

"లేదు నాయనా."

"అట్లయితే ఇప్పుడు వేపాకు వేయొచ్చు."

పెరట్లోకి పోయి గుప్పెడు ఆకు నేనే ఏరుకొచ్చాను.