ఏసోబు గిటారు, ఓబులేసు మీద నింద

చాలా ఏళ్లుగా ఒక మాట నా లోపలే ఉండిపోయింది. మోసి మోసి అలవాటైంది కానీ తేలిక కాలేదు. మా ఆయన సమాధి మీది కొయ్య సిలువను పెరికింది నేను. మా ఊళ్లో ఎవరికీ తెలియదు. మీకు చెబుతున్నాను.

సిలువను తీసినందుకు నేను పశ్చాత్తాపపడటం లేదు. ముందే చెప్పడం మంచిది. నా తప్పు అది కాదు, దాని వెనక వచ్చింది.

మాది మార్కాపురం తాలూకా. అప్పట్లో మద్రాసు రాజధాని కింద, కర్నూలు జిల్లాలో ఉండేది. మా ఆయన ఏసోబు వడ్రంగి. మిషను దొరసాని గిటారు ఒకసారి బాగుచేసి, దాన్ని చూసి తనే చేయడం నేర్చుకున్నాడు. పక్క ఊరు తర్లుపాడు సంఘానికి ఒకటి చేసిస్తానని మాటిచ్చి, సగంలో ఉండగా జ్వరంతో పోయాడు. పెట్టె అయిపోయింది. మెడ అతికించాడు. తీగలు బిగించే బిరడాల కోసం తలలో ఆరు బెజ్జాలు తొలవడం మాత్రం మిగిలిపోయింది.

గిటారు తల మెడకంటే కొంచెం వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలులో బెజ్జం వేసే బర్మా తిన్నగా దిగాలి. ఆయన కంటి అంచనాతో తొలిచేవాడు. నాకు ఆ చెయ్యి లేదు. బల్లపరుపు చెక్కను తొలవడం వరకే వచ్చు. అందుకని ఒక మూస చేసుకున్నాను. కింద తల వాలుకు సరిపడే చెక్క, పైన ముందే ఆరు బెజ్జాలు వేసిన చెక్క. రెంటి మధ్య తలను బిగిస్తే బర్మా పక్కకు జారదు. పచ్చి వేపతో చేశాను. ఆరేసరికి మెలి తిరిగింది. దాన్ని నమ్మి తొలిచి ఉంటే ఉన్న ఒక్క తలా పాడయ్యేది.

ఎండిన చేవ కర్ర మా అటక మీద ఒకటి ఉండేది. నల్లమల నుంచి తెచ్చింది. గిటార్ల పనికని ఆయన ఏళ్ల తరబడి దాచుకున్నాడు. ఆయన పోయిన రోజు సంఘంవాళ్లు అటకెక్కి దాన్ని దించి, కోసి, సిలువ చేశారు. వడ్రంగి పోతే అతని కర్రతోనే సిలువ చేయడం మా ఊరి ఆనవాయితీ. గౌరవమే కావచ్చు. కానీ నన్ను అడగలేదు. ఆ కర్రను ఆయన దేనికి దాచాడో నాకు కాక ఎవరికి తెలుసు?

ఒక మధ్యాహ్నం, ఊరంతా చేలల్లో ఉన్నప్పుడు, వెళ్లి తెచ్చుకున్నాను. ఆ కర్రతో మూస కుదిరింది. బెజ్జాలు తిన్నగా దిగాయి. ఆయన పోయాక మొదటిసారి ఆ రోజు ఏడ్చాను.

ఆదివారం సంఘపెద్ద దావీదు మామ, సమాధుల పక్క బీడులో గొర్రెలు మేపుకునే ఓబులేసును ప్రార్థన గుడి ముందుకు పిలిపించాడు. నేను గడప దగ్గర నిలబడి ఉన్నాను.

"సిలువ ఏమైందిరా?" అన్నాడు దావీదు మామ.

"నాకేం ఎరుక మామా. నేను గొర్రెలను చూసుకుంటానా, మీ సిలువలను చూసుకుంటానా?"

"పొయ్యిలో పెట్టినావంట."

"ఇంత తుమ్మకంప పెట్టుకొని చచ్చినోళ్ల కర్ర కాలుస్తానా? మా ఆడది ఆ పొయ్యి మీద కూడు వండదు, నన్ను వండుతాది."

కొందరు నవ్వారు. దావీదు మామ నవ్వలేదు. ఓబులేసు నా వైపు తిరిగాడు.

"అక్కా, ఏసోబన్న నాకు గొడ్డలికి కామ వేసిచ్చినాడు. ఆయన సమాధి మీద చెయ్యి ఎట్ల వేస్తాను? నువ్వన్నా చెప్పు."

"గొర్రెలు రోజూ ఆడనే ఉంటాయి గదా," అన్నాను.

అంతే. అందులో అబద్ధం లేదు. అబద్ధం లేని మాటను వెతికి మరీ అన్నాను. ఎందుకు? తీగలు బిగించకముందే గిటారు లాక్కుంటారనా? సిలువ పెరికిన ఆడదని వెలివేస్తారనా? మొదటిదే అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను, ఎందుకంటే అందులో నేను కాస్త మంచిదానిలా కనిపిస్తాను. రెండోది కూడా ఉంది. బహుశా అదే ఎక్కువ.

ఓబులేసును బీడులోకి రానివ్వలేదు. అది తప్ప అతనికి వేరే మేత చోటు లేదు. నెల తిరక్కుండానే గొర్రెలను తోలుకొని, పెళ్లాం బిడ్డలతో యర్రగొండపాలెం వైపు వెళ్లిపోయాడు. మా ఇంటి ముందు నుంచే వెళ్లారు. నేను తలుపు తీయలేదు.

గిటారు తర్లుపాడు చేరింది. మా ఊరివాళ్లూ అక్కడికి ఆరాధనకు వెళ్లారు. అతన్ని తిట్టిన నోళ్లే దానితో కలిసి పాడాయి. "ఏసోబు చెయ్యి అంటే ఏసోబుదే," అన్నాడు దావీదు మామ. నేను కాదనలేదు.

మొన్నటి ఎండల్లో ఓబులేసు పోయాడని తెలిసింది. ఈ కాగితం ముందు కూర్చుంది అందుకే.

సంఘం నన్ను ఏమంటుందో తెలుసు. సిలువను అవమానించానంటుంది. ఆ నేరం నేను ఒప్పుకోను. కావాలంటే సంఘం పుస్తకంలో నా పేరు కొట్టేయమనండి. ఓబులేసు గురించి మాత్రం వాళ్లు అడగరు. అడగాల్సింది అదొక్కటే. క్షమించమని మిమ్మల్ని కోరను, అది మీ చేతిలో లేదు. అతను బతికి ఉండగా వెళ్లి అడగనిదాన్ని, ఇప్పుడు ఎవరిని అడుగుతాను?

ఓబులేసు ఆ సిలువను తాకలేదు.

ఈ ఒక్క వాక్యం రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాశాక ఆకలేసింది. పొద్దున వండిన సంగటి చల్లారిపోయి ఉంది. కూర్చొని తిన్నాను.