పచ్చలైటు వెలుగుతూనే ఉంది

2023. సంతోష్‌నగర్‌లో ఒక గ్రంథాలయం హాలు. నెలకోసారి, ఆదివారం సాయంత్రం అక్కడ ఎవరో ఒక పండితుడి ఉపన్యాసం ఉంటుంది. మైకులు, మిక్సర్ నావి. మిక్సర్ మీద ఒక్కో మైకుకు ఒక ఫేడర్ ఉంటుంది. పైకి జరిపితే గొంతు పెరుగుతుంది, కిందికి లాగితే ఆగిపోతుంది.

నాకొక చెడ్డ అలవాటు ఉండేది. ప్రశ్నల వేళ ఎవరైనా సొంత గోడు మొదలుపెడుతున్నారనిపిస్తే ఫేడర్ మెల్లగా కిందికి లాగేసేవాణ్ణి. మైకు చెడిందనుకుని వాళ్ళు కూర్చునేవాళ్ళు. అలా చేయమని నాకెవరూ చెప్పలేదు.

ఆ రోజు ఒక ప్రొఫెసర్ తాను వెళ్ళొచ్చిన, యుద్ధం జరుగుతున్న దేశం గురించి మాట్లాడారు. చమురు, ఓడలు, ఒప్పందాలు. తర్వాత మూడో వరుసలోంచి ఒకామె మైకు పట్టుకుని లేచింది.

"నమస్తే సారూ. నేను యాదమ్మ. గుడిమల్కాపూర్ మార్కెట్‌ల పూలమ్ముత. మొన్న బంతిపూలు..."

పూల ధరల గోడే అనుకుని ఫేడర్ లాగేశాను. ఆమె మైకును తట్టి నావైపు చూసింది.

"బ్యాటరీ అయిపోయిందక్కా," అన్నాను.

"అయితే ఏంది భాయ్? పొద్దుగాల నేనొర్లితే పురానాపూల్ దాంక ఇనబడ్తది!" మైకు కుర్చీలో పెట్టి గొంతెత్తింది. "సారూ, మీరు పోయొచ్చిన ఊర్ల పూల మార్కెట్ నడుస్తుందా? బాంబులు పడంగ పూలెవరు కొంటరు?"

హాలంతా నవ్వింది. ప్రొఫెసర్ కాగితాలు పక్కన పెట్టేశారు.

"నడుస్తోందమ్మా. నేనున్న వీధిలో పెళ్ళి జరిగింది. కరెంటు లేదు, పూలు మాత్రం ఉన్నాయి. నాకూ గులాబీల దండ వేశారు. ఇన్నేళ్ళలో ఈ మాట నన్నెవరూ అడగలేదు."

"గులాబీలా? దండకు బంతి ఉండాలె సారూ. గులాబి ఊకె రాలుతది!"

చప్పట్లు ఆగలేదు. ఆయన ఆ పెళ్ళి గురించే మరో అరగంట చెప్పారు. అంత సంతోషంగా ఆ హాలును నేనెప్పుడూ చూడలేదు.

సభ ముగిశాక ఆమె దగ్గరికి వెళ్ళాను. "బ్యాటరీ అయిపోలేదక్కా. నేనే బంద్ చేసిన. మాఫ్ చెయ్యి."

"నాకెర్కనే. మైకు మీద పచ్చలైటు ఎలుగుతనే ఉండె గదా!" అని పకపకా నవ్వింది.

ఆమెకు గొంతుంది కాబట్టి నెగ్గింది. అంతకుముందు నేను కూర్చోబెట్టినవాళ్ళు ఏం అడగబోయారో నాకిక తెలియదు. ఇప్పుడు సభికుల మైకు ఫేడర్ ముందే పైకి జరిపి, ప్రశ్నలన్నీ అయ్యేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటాను.

యాదమ్మ ప్రతి నెలా వస్తుంది. లేవగానే మైకు నావైపు తిప్పి, "బ్యాటరీ ఉన్నదా భాయ్?" అంటుంది. మేమిద్దరం ఎందుకు నవ్వుతామో హాల్లో ఎవరికీ తెలియదు.