తీసేసిన సముద్రం

నిన్న భావనపాడు నుంచి ఒకాయన ఫోన్ చేసి, ఒడ్డు మీదే నిలబడ్డానన్నాడు. మాట శుభ్రంగా వినిపించింది. సముద్రం మాత్రం వినిపించలేదు. కొత్త ఫోన్లు మాట తప్ప మిగతాదంతా రొద అనుకుని తీసేస్తాయట. నాకు ఆనందరావు మాస్టారు గుర్తొచ్చారు.

పలాసలో నాది అప్పట్లో క్యాసెట్లను సీడీలుగా మార్చే దుకాణం. మాస్టారు చర్చిలో పాటలు నేర్పేవారు. మిగతా రోజుల్లో టేప్‌రికార్డరు భుజాన వేసుకుని చుట్టుపక్కల ఉద్దానం ఊళ్లన్నీ తిరిగి, జీడిపిక్కలు కొట్టే చప్పుడు మొదలు వల లాగే పాట దాకా పట్టుకొచ్చేవారు. ఒకసారి, చనిపోయిన జాలరి పాడిన పాట ఉన్న క్యాసెట్ తెచ్చారు. అతని భార్య ఎర్రమ్మకు సీడీ చేసివ్వాలి. కంప్యూటర్లోకి ఎక్కించడం పూర్తవుతూనే టేపు తెగిపోయింది. అది నా తప్పు కాదు, అప్పటికే చెమ్మ పట్టి ఉంది. ఇక ఉన్నది నా దగ్గరి కాపీ ఒక్కటే. గొంతు తప్ప ఇంకేమీ మిగలకుండా రెండు రోజులు కూర్చుని శుభ్రం చేశాను.

ఎర్రమ్మ విని తల అడ్డంగా ఊపింది. "ఇది మా మావ కాదు బాబూ. సముద్రం లేకండా మా మావ ఎప్పుడు పాడినాడు?"

"మురికి కడగమంటే మనిషినే కడిగీసినావేటి," అన్నారు మాస్టారు. అప్పుడు దుకాణంలో మరో నలుగురున్నారు. వాళ్ల పేర్లు ఇప్పటికీ చెప్పగలను.

"మరి తీసీసిందేదిరా? పారేసినావా?" అని ఆయనే మళ్లీ అడిగారు.

పారేయలేదు. రేపు ఎవరైనా మాటంటే, నేనెంత కష్టపడ్డానో వినిపించాలని ఆ తీసేసిన చెత్తను విడిగా దాచాను. మాస్టారు నన్ను మెచ్చుకోలేదు. ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక ఎర్రమ్మనూ ఆమె ఊరివాళ్లనూ చర్చి హాల్లో కూర్చోబెట్టి, పాట లేకుండా ఆ చెత్త ఒక్కటే స్పీకర్లలో పెట్టించారు. నన్ను నవ్వులపాలు చేయడానికే అనుకున్నాను.

మొదట బుసబుస. తర్వాత అలలు, ఇసకలో పాదాలు, తాడు ఒరుసుకునే చప్పుడు.

"ఇక్కడ తాడు జారింది," అంది ఎర్రమ్మ మెల్లగా. "ఇప్పుడు నవ్వుతాడు, సూడండి."

నవ్వు వినిపించింది. పాటకు అడ్డమని నేనే కోసేసిన నవ్వు. పాటలో లేని మనిషి ఆ చెత్తలోంచి లేచి వచ్చాడు.

మాస్టారు దుకాణంలో అన్న మాటను వెనక్కి తీసుకోకుండానే పోయారు. ఆ లెక్క అలాగే ఉంది. కానీ ఆ రోజు నుంచి ఎవరి గొంతు శుభ్రం చేసినా, తీసేసినదాన్ని కూడా విడిగా వాళ్ల చేతికిస్తాను. అక్కర్లేదంటే గొడవపడతాను.