తిట్టందే జరగని ఆవు

మా ఇంట్లో స్నానాల గది పెరట్లో ఉంది. అక్కడికి పోవాలంటే పశువుల కొట్టం ముందు నుంచే దారి. ఆ దారికి అడ్డంగా నిలబడడమంటే మా ఎర్రావుకు మహా ఇష్టం. పలుపు ఎంతవరకు సాగితే అంతవరకు వచ్చి, తల ఈ గోడవైపు, తోక ఆ గోడవైపు పెట్టి, ఏమీ ఎరగనట్టు నెమరు వేస్తూ ఉంటుంది. కోవిల్‌పట్టి బస్సుకు టైమైపోతోందని నేను బకెట్టు పట్టుకుని గింజుకుంటే కన్నెత్తి కూడా చూడదు. తోసేదాన్ని, తువ్వాలుతో కొట్టేదాన్ని, చివరికి బతిమాలేదాన్ని. అప్పుడు వంటింటి కిటికీలోంచి మా అత్త గొంతు వచ్చేది. "జరుగే" అనేది. అంతమాత్రానికి ఆవు జరగదు, చెవులు మాత్రం అటు తిప్పుతుంది. "జరుగే దొంగదానా, పిల్లకు బస్సు పోతా ఉండాది" అని తిట్టు పూర్తిగా పడ్డాక, నాకేదో మేలు చేస్తున్నట్టు ఒక్కో కాలూ తీసి పక్కకు జరిగేది.

మాది తమిళనాడులో, ఎట్టయాపురం రోడ్డు మీంచి లోపలికి వెళ్ళే ఒక పల్లె. నల్లరేగడి నేల, వానను నమ్ముకున్న సేద్యం. పత్తి, జొన్న, మినుములు. నేను పుట్టింది మాత్రం అరుప్పుకోట్టైలో, మరమగ్గాల చప్పుడు మధ్య. పశువును దగ్గరగా చూసింది పెళ్ళయ్యాకే. వచ్చిన కొత్తలో నాకు ఆవంటే భయం, అత్తంటే ఇంకా భయం. కోవిల్‌పట్టిలో వేరుశెనగ మిఠాయి చేసే చోట ప్యాకింగ్ పని దొరికినప్పుడు, పగలంతా ఈ ఇద్దరికీ దూరంగా ఉండొచ్చని లోలోపల సంతోషించాను కూడా.

మా వాళ్ళందరికీ ఒక అలవాటుంది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. అంతటితో ఆగదు. ఇంట్లోనే బయటివాళ్ళు ఒక్కరు కూర్చుని ఉన్నా, మాలో మేము కూడా తమిళంలోకి మారిపోతాం. అర్థంకాని భాషలో మాట్లాడితే తమ గురించే ఏదో అనుకుంటున్నారని వాళ్ళు నొచ్చుకోకూడదు కదా. మాకు అదొక మర్యాద. చుట్టాలు కాని మనిషి వసారాలో ఉంటే నేనూ మా ఆయనా పోట్లాడుకునేది కూడా తమిళంలోనే. ఆవుతో మాత్రం ఎప్పుడూ తెలుగే, కొట్టం ఇంట్లో భాగం కాబట్టి. మేము తమిళం అందుకున్నామంటే దానికి అర్థం ఒకటే, పశువుల డాక్టరు వచ్చాడని. వెంటనే చెవులు వెనక్కి వంచి, నాలుగు కాళ్ళూ నేలలో పాతేసినట్టు బిగుసుకుపోయేది. ఎవరి తరమూ కాదు కదిలించడం.

పోయిన ఏడాది పత్తి తీసే రోజుల్లో, పాలు పితకడానికి కూర్చున్న మా అత్త కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయింది. ఆవు అలా అరవడం నేనెప్పుడూ వినలేదు. ఆ అరుపుకే మా ఆయన పరుగెత్తాడు. చెంబు బోర్లా పడి పాలన్నీ పేడలో కలిసిపోయి ఉన్నాయట. ఆవు మాత్రం, మీద పడుతుందేమోనని ఆయన భయపడ్డాడు గానీ, వెనక కాలు ఒకటి గాల్లోనే పట్టుకుని మనిషిని పక్కకు తీసేదాకా దించలేదట. మా ఆయన ఈ మాట ఇప్పటికీ చెబుతూనే ఉంటాడు. నాకు దేవుడికి దండం పెట్టే అలవాటు తక్కువ. ఆ కాలికి మాత్రం మనసులో ఎన్నిసార్లు పెట్టానో.

ఆడబిడ్డ విరుదునగర్‌లో ఉంటుంది కాబట్టి అక్కడి ఆసుపత్రికే తీసుకెళ్ళాం. సమయానికి తెచ్చారన్నారు. ప్రాణం నిలిచింది. కుడి చెయ్యీ కాలూ పట్టు తప్పాయి, మాట పోయింది. కాలు నెమ్మదిగా వస్తుందని చెప్పారు. మాట సంగతి చెప్పలేమన్నారు. ఇంటికి వచ్చాక మా బెంగంతా దాని మీదే. ఊరందరినీ ఒక్క గొంతుతో అదిలించిన మనిషి, మంచం మీద పడుకుని ఇంటి కప్పు చూస్తూ ఉండేది. ఆకలా, దాహమా, నొప్పా, ఏదీ తెలిసేది కాదు. ఈ మనిషి ఇక మాట్లాడదా అని ఒకరినొకరం అడగకుండానే తిరిగాం.

మాట నేర్పడానికి విరుదునగర్‌లో ఒకావిడ ఉండేది. ఎంతో ఓర్పు గల మనిషి. బొమ్మల అట్టలు ఇచ్చి, రోజూ చూపించి పేర్లు అడగమంది. చెంబు, పువ్వు, గొడుగు. మేము చూపించేవాళ్ళం, తమిళంలో అడిగేవాళ్ళం. వ్యాయామం చేయించడానికి కోవిల్‌పట్టి నుంచి స్కూటీ మీద ఒక అమ్మాయి వచ్చేది. పలకరించడానికి ఊరు ఊరంతా వచ్చేది. శివకాశిలో పనిచేసే పక్కింటి ఆడవాళ్ళు ఫ్యాక్టరీ వ్యాను దిగి నేరుగా మా ఇంటికే వచ్చేవాళ్ళు. పరాయి మనిషి లేని గంట లేదు ఇంట్లో. కాబట్టి రోజంతా తమిళమే. అత్తకు తమిళం రాదని కాదు, సంతలో బేరమాడితే ఎదుటివాడు నోరు మూసుకోవలసిందే. అయినా అట్టలు చూపిస్తే పెదవులు కొంచెం కదిలించి, ముఖం గోడవైపు తిప్పుకునేది.

అక్కడ కొట్టంలో ఇంకొక మౌనం. ఆవు పాలు చేపడం మానేసింది. మా ఆయన పత్తిగింజలు రుబ్బి పెట్టాడు, పొదుగుకు వేడినీళ్ళ కాపడం పెట్టాడు, దూడను వదిలాడు. దూడ తాగినంత తాగేది, చెంబులోకి చుక్క రాలేది కాదు. ఒకరోజు ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. అత్త అంతకు ముందు మా అమ్మాయికి వాట్సాప్‌లో పంపిన మాట ఒకటి ఫోనులో ఉంది. హాస్టల్లో సరిగా తినడం లేదని మనవరాలికి పెట్టిన చివాట్లు. దాన్ని ఆవు దగ్గర వినిపించాడు. ఆవు నెమరు ఆపింది. ఫోనును వాసన చూసింది. నాకింది. తర్వాత ఫోను వెనక మనిషి ఉందేమోనని ఆయన చుట్టూ తిరిగి చూసింది. గుంజ చుట్టూ పలుపు చుట్టుకుపోయేదాకా వెతికింది. మా ఆయన ఫోను ఆపేసి, ముఖం తుడుచుకుంటూ చేనికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు అత్త వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేయడం మొదలుపెట్టింది. ఒక పొద్దున వ్యాయామం చేయించే అమ్మాయి, ఇవాళ పెరటి దాకా నడిపిద్దామంది. ఒక పక్క ఆ అమ్మాయి, ఒక పక్క నేను. గుమ్మం దిగి కొట్టం దాకా వచ్చాం. ఆవు చూసింది. చూసి, పలుపు సాగినంత మేర వచ్చి దారికి అడ్డంగా నిలబడింది.

పక్కన బయటి మనిషి ఉంది కదా, నేను తమిళంలోనే జరగమన్నాను. మా ఆయన వచ్చి తమిళంలోనే కసురుతూ తోశాడు. ఆవు బిగుసుకుంది. ఆ అమ్మాయి భయపడి, వెనక్కి వెళ్ళిపోదాం అంది. మేము వాకర్ తిప్పబోయాం. అత్త తిరగలేదు. ఎడమ చేత్తో వాకర్ గట్టిగా పట్టుకుని ఆవునే చూస్తోంది. ఆవు మెడ చాపి, ఆమె పొట్టకు నుదురు ఆనించి అలాగే ఉంది. నెట్టలేదు. అంత పెద్ద తల అంత మెత్తగా ఆనించడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

అత్త పెదవులు వణికాయి. గొంతులో ఏదో గురగురమంది. "జ" అంది. ఆగింది. "జరుగు" అంది.

మా ఆయన ఆవును తోయడం ఆపేశాడు. ఆవు మాత్రం జరగలేదు. చెవులు అటు తిప్పి, ఇంకా రావలసింది ఉందన్నట్టు నిలబడింది. నాకు దాని మీద ఒళ్ళు మండింది. మేము ఇన్నాళ్ళు ఏ మాట కోసం కాచుకుని ఉన్నామో అది వచ్చింది, ఇంకా ఏం కావాలే నీకు అనుకున్నాను. అత్తకు కూడా కోపం వచ్చినట్టుంది. ముఖం ఎర్రబడింది. ఊపిరి బిగబట్టింది.

"జరుగే, దొంగదానా" అంది.

ఆవు ఒక్కో కాలూ తీసి పక్కకు జరిగింది. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. పాట్టి, అంటే అవ్వ, ఏమన్నారని ఆ అమ్మాయి కంగారుగా అడిగింది. ఆవును తిట్టిందని మా ఆయన చెప్పాడు. చెబుతూ చెబుతూ ఆవు మెడ నిమిరాడు. ఆ సాయంత్రం అత్తను కుర్చీలో ఆవు పక్కన కూర్చోబెట్టాం. ఆయన పితుకుతుంటే ఆమె "నిలు, నిలు" అంటూ ఉంది. చెంబు నిండలేదు గానీ, పాలు వచ్చాయి.

తర్వాతి సారి విరుదునగర్ వెళ్ళినప్పుడు మాట నేర్పే ఆవిడకు జరిగింది చెప్పాను. ఇంట్లో మీరు మాట్లాడే భాష ఏదని ఆవిడ అడిగింది. చెప్పగానే, మరి ఈ అట్టలు మీ భాషలో ఎందుకు అడగలేదంది. ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు, ఇక్కడ మీరు ఉన్నారు కదా అన్నాను. ఆవిడకు అర్థం కాలేదు. ఎంత చెప్పినా అర్థం కాదు కూడా. మర్యాద పేరుతో మా మనిషికి మా మాట వినబడకుండా చేశాం. అది మా వాళ్ళు తప్ప ఇంకెవరూ చేయరు. ఆవిడ నవ్వి, ఇప్పుడే అడగండి, నేను వింటానంది. చుట్టూ వరుసగా తమ వంతు కోసం కూర్చున్న జనం. పుట్టి బుద్ధెరిగాక బయట నలుగురిలో గొంతెత్తి తెలుగు మాట్లాడడం నాకు అదే మొదలు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. చెంబు బొమ్మ చూపించి, "అత్తా, ఇది ఏంది?" అన్నాను. అత్త నన్ను చూసింది, బొమ్మను చూసింది. "సెంబు" అంది. వరుసలో కూర్చున్న ఎవరో ముసలాయన చప్పట్లు కొట్టాడు. ఆయన ఎవరో తెలియదు, ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

ఇప్పటికీ అత్తకు మాటలన్నీ రాలేదు. వచ్చినవాటిలో ఎక్కువ కొట్టంలోవే. రా, పో, నిలు, జరుగు. వీటితోనే ఇల్లంతా నడిపిస్తోంది. మా ఆడబిడ్డ మొగుడు పెద్ద ఉద్యోగస్థుడు. పోయిన నెల ఆయన భోజనానికి కూర్చుని మొహమాటపడుతుంటే, అన్నం గిన్నె ఆయన వైపు జరిపి "మెయ్యి" అంది. ఆయన బుద్ధిగా మేశాడు. అత్త నోట మాట వస్తే చాలు, ఏ మాటైనా మాకు పండగే. ఊళ్ళో ఎవరైనా ఆవుకు వయసు మళ్ళుతోంది, ఇచ్చేయకూడదా అంటే మా ఆయన లేచి వెళ్ళిపోతాడు.

మొన్న సాయంత్రం పని నుంచి వచ్చి అత్తకు మజ్జిగన్నం తినిపిస్తున్నాను. ఇంకొక ముద్ద పెట్టబోతే, ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకుని, భుజం మీద రెండుసార్లు తట్టి, "సాలు తల్లీ" అంది. పాలు పితకడం అయ్యాక ఆవు వీపు మీద తట్టి ఆమె అనే మాట అది. నన్ను పెళ్ళయిన నాటి నుంచి పిల్లా అంది, ఏమే అంది, కోపమొస్తే ఇంకా ఏమేమో అంది. ఆ మాట మాత్రం ఎప్పుడూ అనలేదు. వేరే మాట దొరక్క అదే వచ్చిందో, నాకోసమే అందో నేను అడగలేదు. ముద్ద గిన్నెలో పెట్టేసి, ఆమె తనంతట తాను నా చెయ్యి వదిలేదాకా అలాగే కూర్చున్నాను.