జంపఖానా కింద

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్టేషను వెనక సందులో అరుణజ్యోతికి చీరలకు ఫాల్స్, పీకో కుట్టే దుకాణం ఉంది. లోపల ఒక మిషను, ఒక స్టూలు, గోడ నిండా దారపు రీళ్లు. నాలుగో మనిషి వస్తే బయటే నిలబడాలి. మొగుడు శేఖర్ అల్మాస్‌గూడ పిల్లల్ని బడికి చేరవేసే మినీబస్సు నడుపుతాడు. ఇద్దరివీ నల్లగొండ వైపు పల్లెలే.

చీర ఇచ్చి, ఫాల్ కుట్టేదాకా స్టూలు మీద కూచునే ఆడవాళ్ల మాటల్లోంచే ఆమె ఆదివారం ప్రయాణాలు పుట్టాయి. ఎల్బీనగర్ చౌరస్తా దాటి ఎన్నేళ్లయిందో గుర్తులేదనేది ఒకావిడ. ఊళ్లకు పోవడమంటే పెళ్లికో చావుకో తప్ప ఊరికే పోయిందే లేదనేది ఇంకొకావిడ. ఆదివారం బండి ఖాళీగానే నిలబడి ఉంటుంది కదా అని అరుణజ్యోతి శేఖర్‌ని అడిగింది. మొదటిసారి పోచంపల్లి పోయి మగ్గాలు చూసి వచ్చారు. ఆ తర్వాత కొలనుపాక, భువనగిరి, పేరు కూడా తెలియని చెరువుగట్లు. పొద్దున్నే కర్మన్‌ఘాట్ హనుమంతుడికి దండం పెట్టుకుని బయలుదేరేవారు. హయత్‌నగర్ దాటగానే ఎవరో ఒకరు పాట అందుకునేవారు. దీపాలు పెట్టే వేళకు ఎవరిళ్ల ముందు వాళ్లను దించేవాడు శేఖర్. అతను తప్ప మగవాళ్లెవరూ రాకూడదన్నది ఆమె షరతు.

ఆ మాఘమాసపు ఆదివారం కొత్తపేట నుంచి ఇద్దరు కొత్తవాళ్లు వచ్చారు. బందరు పక్క నుంచి ఎప్పుడో భర్త ఉద్యోగంతో వచ్చి ఇక్కడే స్థిరపడిన సూర్యప్రభ, ఆవిడ కోడలు మృదుల. బండెక్కింది మొదలు సూర్యప్రభకు ఏదీ నచ్చలేదు. కోడలికి ముందు సీటే కావాలంది. గతుకు వచ్చినప్పుడల్లా నెమ్మదిగా పోనివ్వమని శేఖర్‌ని గదమాయించింది. బయటి మంచినీళ్లు వద్దంది, పాట గట్టిగా పాడొద్దంది. వెనక సీట్లో అరుణజ్యోతి మరదలు సంతోషి మూతి తిప్పుతూనే ఉంది. ఈ పెద్దమనిషిని ఇంకోసారి పిలవకూడదని అరుణజ్యోతి చౌటుప్పల్ రాకముందే నిశ్చయించుకుంది.

చౌటుప్పల్ దాటి లోపలి దారి పడితే ఒక గుట్ట వస్తుంది. పైన కూలిపోయిన కోటగోడ, దాని పక్కన చూరులా ముందుకు వంగిన పెద్ద బండ, బండ కింద చల్లటి నీడ. సూర్యప్రభ కిందే కూచుందామంది. కోడలు కూడా ఎక్కనక్కర్లేదంది. అరుణజ్యోతికి చిరాకేసింది. చిన్న గుట్టేనని, ముసలివాళ్లు కూడా ఎక్కుతారని బతిమాలింది. మృదుల అప్పటికే నాలుగు మెట్లు ఎక్కేసింది. కోడలి వెనకే, మోకాళ్లు పట్టుకుంటూ, సణుగుతూ అత్తగారు.

బండకు తేనెపట్లు వేలాడుతున్నాయి, నల్లగా, చాటలంత. అందరూ చూశారు, ఫోటోలు కూడా తీసుకున్నారు. ఎర్రటి జంపఖానా పరిచి, పులిహోర, పెరుగన్నం డబ్బాలు విప్పుతుండగా కింది వైపు నుంచి పొగ వచ్చింది. అరుణజ్యోతి దిగి చూసింది. ఎవరో కుర్రాళ్లు ఎండు తాటాకులు మంట పెట్టి కోడిని కాలుస్తున్నారు. పైన తేనెతీగలున్నాయి, మంట ఆర్పమని చెప్పింది. వాళ్లు నవ్వి, అయిపోవచ్చిందన్నారు.

ఆమె పైకి వచ్చింది. అప్పుడే అందరినీ లేపి కిందికి తీసుకుపోయి ఉండాల్సింది. కానీ విస్తళ్లలో అన్నం పడింది, ఆకలి మీదున్నారు. తిననీ, తిన్నాక లేద్దాం అనుకుంది.

మొదట వాన వస్తున్నట్టు చప్పుడైంది. ఆకాశం మాత్రం తెల్లగా ఉంది. మృదుల జుట్టులో చెయ్యి పెట్టి కెవ్వుమంది. ఆ వెంటనే నీడంతా కదిలి మీద పడింది. ఎవరి చెప్పులు వాళ్లకు దొరకలేదు. కొంగులు తల మీదికి లాక్కుని, మొహాలు కొట్టుకుంటూ, ఒకరినొకరు తోసుకుంటూ మెట్ల మీదుగా కిందికి పరుగెత్తారు. సంతోషి మృదుల చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. అరుణజ్యోతి కూడా పరుగెత్తింది. సగం దూరం పోయాక వెనక్కి చూస్తే, బండ దగ్గరే సూర్యప్రభ పడి ఉంది. లేవబోతోంది, మోకాళ్లు సహకరించట్లేదు. చేతుల మీద, మెడ మీద ఈగలు నల్లగా వాలుతున్నాయి.

మళ్లీ పైకి ఎక్కాలంటే అరుణజ్యోతికి భయమేసింది. బస్సు కింద కనిపిస్తూనే ఉంది. తలుపు తెరిచి శేఖర్ అరుస్తున్నాడు. ఆమె కొంగు మొహానికి చుట్టుకుని, ఏడుస్తూనే పైకి వెళ్లింది. జంపఖానా అంచు పట్టి లాగితే డబ్బాలు దొర్లి అన్నమంతా చెల్లాచెదురైంది. దాన్ని ఇద్దరి మీదా కప్పి, అంచులు నాలుగు వైపులా ఒంటి కిందికి దోపి, ఆవిడ పక్కనే బోర్లా పడుకుంది.

లోపల ఎర్రటి చీకటి. ఊరగాయ వాసన, చెమట. లోపల చిక్కుకున్న ఈగలను చేత్తోనే నలిపేసింది. ఒక్కొక్కటీ చచ్చే ముందు కుట్టింది. పైన వందల కాళ్లు గుడ్డ మీద పాకుతున్న చప్పుడు. బట్ట ఒంటికి ఆనినచోటల్లా ముల్లు దిగుతోంది.

"ఆంటీ, కదలకుండ్రి. జర ఓపిక పట్టుండ్రి," అని ఆవిడ చెవిలో చెప్పింది.

సూర్యప్రభ దేవుణ్ణి తలుచుకుంటోంది. మధ్యలో ఆగి, మృదుల ఏమైందని అడుగుతోంది. బస్సెక్కిందని అరుణజ్యోతి చెప్పింది. చూశావా అంది ఆవిడ. చూశానంది. చూడలేదు.

అప్పుడు నడుము దగ్గర ఫోను అదిరింది. చెయ్యి కదిలించి చెవి దగ్గర పెట్టుకునేసరికి ప్రాణం పోయినంత పనైంది.

"అరుణా, ఏడున్నవ్? అందరొచ్చిన్రు, మీరిద్దరే రాలే," అన్నాడు శేఖర్.

"పైన్నే ఉన్నం. జంపఖాన కప్పుకున్నం."

"గా కొత్తపేట పిల్ల ముఖమంతా ఉబ్బింది. ఊపిరి సరిగ తీస్తలేదు. నేను పైకొస్తున్న, ఆగు."

అతను వస్తే అతనికీ ఇదే గతి. అతను పైకెక్కి దిగేసరికి ఆ పిల్ల ఉంటుందో ఉండదో.

"నువ్వు రాకు. బండి తియ్యి. దవాఖానకు పో."

"నిన్ను గీడ ఇడిచిపెట్టి ఎట్ల పోవాలె?"

"పో అంటున్న. ఊర్లె ఎవరికన్న చెప్పిపో."

కాసేపటికి కింద ఇంజను మోగింది. ఆ చప్పుడు దూరమవుతూ పూర్తిగా వినపడకుండా పోయేదాకా ఆమె వింటూనే ఉంది. ఆ తర్వాత పైన ఝుంకారం ఇంకా పెద్దదైనట్టు అనిపించింది.

ఫోనులో మాటలన్నీ సూర్యప్రభ వినేసింది. ఊపిరాడంది మృదులకేనా అని అడిగింది. ఆవిడ మోచేతుల మీద లేవబోయింది. జంపఖానా ఒక పక్క తెరుచుకుని వెలుతురు వచ్చింది, వెలుతురుతో పాటే ఈగలూ. అరుణజ్యోతి ఆవిడ మీద పడి, రెండు చేతులూ నేలకు అదిమి పట్టింది. సూర్యప్రభ గింజుకుంది, గిచ్చింది, వదలమని ఏడ్చింది.

"దానికి నాలుగో నెల," అంది చివరికి. "రెండుసార్లు పోయింది. ఎవరికీ చెప్పుకోలేదు. ఇంట్లోనే ఉండి పిచ్చెక్కుతోంది, ఒక్కరోజు గాలికి పోయొస్తానంటే కాదనలేక నేను వెంట వచ్చాను."

అరుణజ్యోతి చేతులు సడలాయి. ముందు సీటు, గతుకులు, ఇంటి నీళ్లు, కింద కూచుందామన్న మాట, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. మళ్లీ పట్టు బిగించింది.

"మీరిప్పుడు లేస్తె మీరు పోతరు. ఆ పిల్లకు లేచినంక మీరు గావాలె. నేను ఇడువ," అంది.

సూర్యప్రభ గింజుకోవడం మానేసింది. ఆవిడ మొహం అరుణజ్యోతి భుజం కింద ఉంది. పైన ఉన్నది అరుణజ్యోతి వీపే. గుడ్డ ఆమె వీపుకే ఆనుకుని ఉంది. కుట్టినప్పుడల్లా పళ్లు బిగపట్టింది. కొంతసేపటికి నొప్పి తెలియడం మానేసి, ఒళ్లంతా వేడెక్కింది. స్పృహ తప్పితే చేతులు జారిపోతాయని, తన ఊళ్లో తోబుట్టువుల పేర్లు పెద్దగా అనుకుంటూ ఉంది. సూర్యప్రభ కూడా తనవాళ్ల పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. బందరులో చిన్నప్పటి ఇంటివాళ్లు, పక్కింటివాళ్లు, అందరివీ. ఒకరి తర్వాత ఒకరు అలా చెప్పుకుంటూ పోయారు.

పొద్దు వాలి చప్పుడు పలచబడ్డాక మనుషుల గొంతులు వినిపించాయి. శేఖర్ చెప్పిపోతే ఊళ్లోంచి గోపయ్య అనే పెద్దాయన, ఇంకా ముగ్గురు గొంగళ్లు కప్పుకుని వచ్చారు. తలలకు గొంగళ్లు కప్పి, ఇద్దరినీ ఎత్తుకుని దించారు. తనను ఎవరు ఎత్తుకున్నారో, ఏ బండిలో వేశారో అరుణజ్యోతికి తెలియదు.

దవాఖానలో మర్నాటికి ఆమె కళ్లు కొంచెం తెరుచుకున్నాయి. మృదుల బతికింది. సమయానికి సూది పడబట్టి గొంతు వాపు దిగింది. కడుపులో బిడ్డ సంగతి ఇప్పుడే ఏమీ చెప్పలేమన్నారు డాక్టర్లు.

ఆ సాయంత్రం సూర్యప్రభ కొడుకు ప్రసన్నకుమార్ వార్డులోకి వచ్చి అరుణజ్యోతి మంచం ముందు నిలబడ్డాడు. ఏ అధికారంతో ఆడవాళ్లను గుట్టలెక్కిస్తున్నావని, పోలీసు కేసు పెడతానని అన్నాడు. శేఖర్ చేతులు కట్టుకుని తలవంచుకున్నాడు. చక్రాల కుర్చీలో వెనకే వచ్చిన సూర్యప్రభ కొడుకు చొక్కా పట్టి లాగింది.

"నన్ను వదిలేసి పోయుంటే ఆమె వీపు అలా ఉండేది కాదురా. నేనూ ఉండేదాన్ని కాదు. కేసూ గీసూ అనకు," అంది.

అతను విసురుగా బయటికి పోయాడు. సూర్యప్రభ మాత్రం అక్కడే ఉండి, అరుణజ్యోతి వైపు చూసింది.

"కింద పొగ చూసొచ్చి కూడా మమ్మల్ని కూచోబెట్టావు. అది నేను మరిచిపోలేను, అరుణా," అంది.

"నేను గూడ మరువ, ఆంటీ," అంది అరుణజ్యోతి.

ఆదివారం బండి ఆగిపోయింది. వేసవి గడిచింది, వానలు మొదలయ్యాయి. స్టూలు మీద కూచున్న ఆడవాళ్లు మళ్లీ ఎప్పుడని అడిగితే అరుణజ్యోతి మిషను గట్టిగా తొక్కేది. ఏదైనా ఈగ చెవి పక్కన మోగితే చేతిలో చీర వదిలేసి బయటికి వచ్చేది. రాత్రిళ్లు ఆమెను వేధించింది మాత్రం మృదుల సంగతి. అడగడానికి ముఖం చెల్లలేదు. మధ్యమధ్య సంతోషి కొత్తపేటలో కనుక్కుని వచ్చేది. కడుపు నిలిచింది, బాగానే ఉందట, అనేది. ఆ మాట విన్న రోజు అరుణజ్యోతి అన్నం తినేది.

శ్రావణంలో మృదులకు ఆడపిల్ల పుట్టింది. కొంచెం బరువు తక్కువ, అంతే. కబురు తెచ్చింది సూర్యప్రభే. దుకాణం ముందు ఆటో ఆపి, దిగకుండానే చెప్పి వెళ్లిపోయింది.

దసరా తర్వాత వచ్చిన ఆదివారం బండి మళ్లీ బయలుదేరింది. గుట్టలు లేవు, కోటలు లేవు. నల్లగొండ దారిలో ఒక చెరువు, ఒడ్డున నాలుగు తుమ్మచెట్లు. సూర్యప్రభ ఇంటి నుంచి ఎవరూ రాలేదు. రావాలని అరుణజ్యోతి అడగనూ లేదు. మధ్యాహ్నం డబ్బాలు దించారు గానీ, ఆమె ఎవరినీ మూతలు తీయనివ్వలేదు. ఒక్కతే ఒడ్డు పొడుగునా నడిచింది. ఒక్కో చెట్టు కింద నిలబడి కొమ్మ కొమ్మా చూసింది. అవతల పొలంలో ఎవరో గడ్డి కాలుస్తున్నట్టు అనిపించి అక్కడిదాకా పోయి, దుమ్ము తెర అని తేల్చుకుని వచ్చింది. మళ్లీ మొదటి చెట్టు దగ్గరికి పోయింది. అన్నం చల్లారిపోతోంది. చంటిపిల్లలు ఏడుపు అందుకున్నారు. అయినా ఒక్కరూ ఆమెను తొందర పెట్టలేదు. శేఖర్ బస్సు తలుపు తెరిచిపెట్టి, తాళంచెవి బండికే ఉంచి, పక్కనే నిలబడ్డాడు.

చాలాసేపటికి ఆమె వచ్చి, "కూచోండ్రి, తినుండ్రి," అంది.

అందరూ కూచున్నారు. ఆమె మాత్రం పళ్లెం చేత పట్టుకుని, చెట్ల వైపు మొహం పెట్టి, నిలబడే తింది.