గుట్ట మీద దిగిన లెక్కలు

మొన్న వానలకు కోదాడ చుట్టుపక్కల రోడ్లు తెగి కాలేజీలు మూసేసిన పొద్దున్నే అక్కడినుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌గా కొత్తగా చేరింది, ఇంకా నిలదొక్కుకోలేదు. "అమ్మా, రేపట్నుంచి ఆన్‌లైన్‌లో చెప్పమంటున్నారు. కాళ్లూ చేతులూ ఆడట్లేదు" అంది. ఆంధ్ర పొలిమేరలోని ఆ ఊళ్లో కాపురం పెట్టినప్పటినుంచి దాని మాటకు ఆంధ్ర యాస అంటుకుంది, ఆ విషయంలో మా ఇద్దరికీ ఎప్పుడూ పంచాయితీయే. నేను మిర్యాలగూడలో బట్టలు కుట్టుకునేదాన్ని, ఏనాడూ పాఠం చెప్పినదాన్ని కాను. అయినా ధీమాగా, "గంటలు గంటలు చెప్పకు బిడ్డా, చిన్న చిన్న ముక్కలు చేసి చెప్పు. మొకం సూపియ్యమని పిల్లల్ని సతాయించకు, ఎవరింట్ల ఎట్లుందో. రానోళ్లకు నువ్వే ఫోన్ చెయ్యి" అన్నాను. "ఇవన్నీ నీకెవరు చెప్పారమ్మా?" అని అది నోరు తెరిచింది. ఇంకెవరు చెబుతారు, మా మేనత్త తప్ప!

కరోనా ఏడాది కుట్టుపని ఆగిపోయి నేను సూర్యాపేటలో ఆమె ఇంట్లోనే ఉన్నాను. ఆమె జూనియర్ కాలేజీలో లెక్కల మేడం. చేతిలో సుద్దముక్క ఉంటే పులి, ఫోన్ ఉంటే పిల్లి. మొదటి రోజు ఇస్త్రీ చీర కట్టుకుని, గోడకు బోర్డు ఆనించి, నేను ఫోన్ పట్టుకుని నిలబడితే గుక్క తిప్పుకోకుండా గంటసేపు చెప్పింది. పిల్లలు తెర మీద "మ్యూట్ మేడం, మ్యూట్" అని రాస్తూనే ఉన్నారు. "సూసినవా, ఎంత బుద్ధిమంతులో! అల్లరి చేసేటోళ్లను వాళ్లే నోరు మూస్కోమంటున్నరు" అని మేనత్త మురిసిపోయింది. నాకూ అది నిజమే అనిపించింది. ఆమె గొంతు అసలు బయటికే పోలేదని తోటి లెక్చరర్ ఫోన్ చేసి చెప్పేదాకా మా ఇద్దరి మురిపెమూ అలాగే సాగింది.

ఆ తప్పుకు ఆమె పడీ పడీ నవ్వింది. గొంతు పిల్లలకు వినబడడం మొదలయ్యాక మాత్రం నవ్వు ఆగిపోయింది, ఎందుకంటే క్లాసుకు సగం మంది కూడా రావడం లేదని అప్పుడు తెలిసింది. "వచ్చినవాళ్లకు చెబుదాం మేడం, హాజరు పడితే చాలు" అన్నాడు ఆ లెక్చరర్. "హాజరు నాకెందుకు సారూ, నాకు పిల్లలు గావాలె" అని, రానివాళ్ల ఇళ్లకు వరుసగా ఫోన్లు చేసింది. అట్లా దొరికింది పెన్‌పహాడ్ వైపు ఊళ్లో ఉండే ఒక పిల్ల. అప్పుడే ఇంటర్‌లో చేరింది, మేనత్త ఆ పిల్ల మొహం కూడా చూడలేదు. ఫోన్ ఎత్తింది తండ్రి, వెనక గొర్రెల అరుపులు. "ఇంట్ల ఒక్కటే ఫోన్ మేడం, గొర్లెంట నాతోనే ఉంటది. పొద్దుమూకి ఇంటికి పోతే ఆడ సిగ్నల్ రాదు. పిల్ల సదువు ఇగ ఖతం అనుకోవాలె. రేపటిసంది నా ఎంటనే గొర్లకాడికి తోల్కపోత" అన్నాడు. మేనత్త వెంటనే, "ఖతం అనకు తమ్మీ. గొర్లు మేసేకాడ సిగ్నల్ ఉంటదా?" అని అడిగింది. గుట్ట మీద మంచిగానే ఉంటుందన్నాడు. "అయితే నా పాఠం గుట్ట మీద దిగుతది. నువ్వు ఇంటికి తెచ్చి పిల్లకియ్యి. జర యాది మర్వకు."

అంటే పాఠాన్ని చిన్న చిన్న ముక్కలుగా గొంతుతో రికార్డు చేసి, గుట్ట మీద ఫోన్లోకి దిగేటట్టు పంపడమన్న మాట. చెప్పడం తేలికే గానీ, బోర్డు లేకుండా ఉత్త గొంతుతో లెక్కలు చెప్పేదెట్లా? మేనత్తకు ముగ్గు తట్టింది. మా ఆడవాళ్లం ఫోన్లో ముగ్గులు చెప్పుకుంటాం. ఎదుటివాళ్ల వాకిలి కనబడదు, అయినా చుక్క తప్పదు. ఆమె అట్లాగే మొదలుపెట్టింది. "గళ్ల కాగితం తీస్కోండ్రి. నడిమిట్ల ఒక చుక్క పెట్టుండ్రి. ఆడికెళ్లి కుడికి మూడు గళ్లు జరుగుండ్రి, పైకి రెండు ఎక్కుండ్రి, గాడ ఇంకో చుక్క. మళ్ల గంతనే జరిగి ఇంకోటి. ఇప్పుడు మూడూ కలుపుండ్రి. గీత వంకర పోయిందంటే లెక్క తప్పినట్టే." పదో తరగతి లెక్కల్లో తప్పినదాన్ని నేను ఎదురుగా కూర్చుని గీసేదాన్ని. నాకు కుదిరితేనే పిల్లలకు పోయేది, లేకపోతే మళ్లీ చెప్పేది. ఆమె పాఠానికి నేనే గీటురాయినని ఇప్పటికీ నాకు గర్వం!

మర్నాడు గొర్రెలు గుట్టెక్కాక ఆ పిల్ల గీసిన కాగితం ఫొటో వచ్చేది. మంద దూరం పోయినప్పుడు రోజుల తరబడి ఏమీ వచ్చేది కాదు. అప్పుడు మేనత్త కంచం ముందు కూర్చుని కూడా ఫోన్ వంకే చూసేది. ఒక రోజు అడిగాను, ఇంతమంది పిల్లలుండగా ఈ ఒక్క పిల్ల కోసం ఇంత పరేషాన్ ఎందుకని. "ఒక్కసారి గొర్లల్లకు పోయిన పిల్ల మళ్ల కాలేజీకి రాదే" అంది.

కాలేజీలు తెరిచిన రోజు నన్నూ వెంట తీసుకుపోయింది. గేటు దగ్గర నిలబడి మాస్కుల పైన కనిపించే కళ్లన్నీ వెతుకుతోంది. ఎవరని గుర్తుపడుతుంది పాపం! "వస్తదంటవా?" అని నన్నే నాలుగుసార్లు అడిగింది. ఆ మాటకు, మమ్మల్ని దాటిపోతున్న ఒకాయన ఠక్కున ఆగాడు. భుజాన గొంగడి, వెనకాల కొత్త సంచీతో ఒక పిల్ల. "మీరు లెక్కల మేడమే గదా?" అన్నాడు.

"నన్నెప్పుడు సూసినవ్ తమ్మీ?"

"సూసుడెందుకు మేడం, గీ గొంతు గుట్ట మీద దినాం ఇన్న. నా గొర్లకు గూడ ఎరుకే. కుడికి జరుగుండ్రి అంటే అవి గూడ జరిగేటియి."

మేమంతా నవ్వాం. పిల్ల మాత్రం నవ్వలేదు. బెరుకు బెరుకుగా దగ్గరికి వచ్చి, "మేడం, బోర్డు మీద గూడ గట్లనే చెప్తరా?" అని అడిగింది. మా మేనత్త ఆ పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది.

ఆ ఏడాది చదువులన్నీ వట్టిపోయాయని అందరూ అంటారు. రిటైరై ఇంట్లో ఉన్న మా మేనత్తను అడిగితే మాత్రం, తాను అన్నిటికంటే బాగా పాఠం చెప్పిన ఏడాది అదేనంటుంది. కాలం వట్టిగా పోయిందని ఊరికే అనకూడదు, అది ఎవరి చేతిలో పడిందో చూడాలి.